జీవితమంతా పిల్లల క్యాంపు పరిచర్యకే ఇవ్వాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

వందనాలు. ఉద్యోగం మానేసి పూర్తికాలం పిల్లల క్యాంపు పరిచర్యలోకి రావాలని ఉందని, కానీ ఆ పని లోపల ఎలా ఉంటుందో, వచ్చేముందు ఏం నేర్చుకోవాలో ఎవరూ వివరంగా చెప్పడం లేదని అడిగారు. ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి పని సంగతే చెబుతాను. పిలుపు సంగతి మీకూ ప్రభువుకూ మధ్య విషయం, అందులో నేను వేలు పెట్టను.

క్యాంపు అనగానే అందరికీ వేదికే కళ్లముందు మెదులుతుంది. యాక్షన్ సాంగ్స్, పప్పెట్లు, కథ. అవన్నీ కలిపినా రోజుకు రెండు మూడు గంటలు దాటవు. మిగిలిన సమయమంతా పిల్లవాడి పక్కన ఉండేది కౌన్సిలర్, అంటే ఒక చిన్న గుంపు పిల్లల బాధ్యత నేరుగా చూసే యువకుడో యువతో. భోజనం దగ్గరా అతనే, ఆటలో ఓడి మూతి ముడుచుకున్నప్పుడూ అతనే, రాత్రి అమ్మ గుర్తొచ్చినప్పుడూ అతనే. కాబట్టి ఈ పనికి జీవితం ఇవ్వడమంటే, 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్న అబ్బాయిలనూ అమ్మాయిలనూ మంచి కౌన్సిలర్లుగా తయారుచేయడానికి జీవితం ఇవ్వడమే. పిల్లలంటే ఎంత ప్రాణమైనా, యువతకు కూర్చోబెట్టి నేర్పే ఓపిక లేకపోతే ఈ పని సాగదు.

ఈ సేవకు చాలా చరిత్ర ఉంది. 1868లో జోసయా స్పయర్స్ వేల్స్‌లోని లాండుడ్నో సముద్రతీరంలో దేవుడు ప్రేమ అని ఇసుక మీద రాసి, ఆ అక్షరాలను రాళ్లతో, సముద్రపు నాచుతో అలంకరించమని అక్కడ ఆడుకుంటున్న పిల్లలను పిలిచాడు. అంతకుముందు 1867లో లండన్‌లో పిల్లల కోసం ఆయన మొదలుపెట్టిన సేవే తర్వాత స్క్రిప్చర్ యూనియన్ అనే క్రైస్తవ సంస్థగా ఎదిగింది. 1880లో జార్జ్ హింక్లీ అనే పాస్టర్ అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఏడుగురు అబ్బాయిలతో క్యాంపు పెట్టాడు. పొద్దున వాక్యం, చదువు. మధ్యాహ్నం ఈత, ఆటలు. సాయంత్రం పాటలు, మాటలు. ఇప్పటికీ మనం నడిపేది దాదాపు ఆ టైమ్‌టేబులే. స్పయర్స్ పిల్లల చేతులకు పని ఇచ్చాడు, హింక్లీ గుంపును చిన్నగా ఉంచాడు. ఈ రెండూ వదిలేసి వందలమందిని ఒక హాల్లో కూర్చోబెట్టి మైకులో చెబితే అది మీటింగ్ అవుతుంది గానీ క్యాంపు కాదు.

ఐదు రోజుల క్యాంపు వెనక ఏడాది పని ఉంటుంది. స్థలం తొమ్మిది నుంచి పన్నెండు నెలల ముందే ఖాయం చేసుకోవాలి. చూడ్డానికి వెళ్లినప్పుడు హాలు కంటే ముందు మరుగుదొడ్లు లెక్కపెట్టండి. పదిమందికి ఒకటైనా లేకపోతే పొద్దున కార్యక్రమం ప్రతిరోజూ అరగంట ఆలస్యమవుతుంది. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, రాత్రి దారిలో దీపాలున్నాయా, గేటుకు తాళం ఉందా, ఆసుపత్రికి బండిలో ఎన్ని నిమిషాలు, అక్కడ ఫోన్ సిగ్నల్ అందుతుందా? ఇవి రాసుకుని రండి. ఆరు నెలల ముందు కౌన్సిలర్ల ఎంపిక, మూడు నెలల ముందు పాఠాలు, రెండు నెలల ముందు పిల్లల నమోదు, చివరి రెండు వారాల్లో శిక్షణ.

కౌన్సిలర్ల విషయంలో మొహమాటం పనికిరాదు. దరఖాస్తు ఫారం, బంధువులు కాని ఇద్దరి నుంచి సిఫారసు, ముఖాముఖి, పోలీసు రికార్డుల తనిఖీ. సొంత సంఘంలో పుట్టి పెరిగినవారైనా, పాస్టరుగారి పిల్లలైనా సరే, ఇవన్నీ పూర్తికావాలి. తెలిసినవాళ్లే కదా అని ఒక్కరికి మినహాయించారంటే ఆ నియమం ఇక లేనట్టే. పిల్లలకు హాని చేయాలనుకునేవాడు వెతుక్కునేది ఇలా మొహమాటపడే చోటునే.

ఎంతమంది కావాలంటే, అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాలు మంచి కొలత. రాత్రి బస ఉండే క్యాంపుల్లో 6-8 ఏళ్లవారికి ఆరుగురికి ఒకరు, 9-14 ఏళ్లవారికి ఎనిమిదిమందికి ఒకరు, 15-18 ఏళ్లవారికి పదిమందికి ఒకరు. వంటవాళ్లను, పాటల టీమును ఈ లెక్కలో కలపకండి. పిల్లల బాధ్యత నేరుగా ఉన్నవారినే లెక్కించాలి. ఇద్దరు ముగ్గురు అదనంగా ఉండాలి, ఎందుకంటే మూడో రోజుకు ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది లేదా గొంతు పోతుంది. ఎనిమిదేళ్ల లోపువారికి రాత్రి బస వద్దనే నా అభిప్రాయం. వాళ్లకు పగటి క్యాంపు, వీబీఎస్ (సెలవుల్లో పగటిపూట నడిపే బైబిలు బడి) చాలు.

శిక్షణ కనీసం రెండు పూర్తి రోజులు ఇవ్వండి. అందులో సగం వాక్యం చెప్పే పద్ధతి, సగం పిల్లల భద్రత. ఏ పెద్దవారూ ఏ పిల్లవాడితోనూ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. విడిగా మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనబడే చోట, వినబడనంత దూరంలో. పడకగదుల్లోనూ స్నానాల గదుల దగ్గరా ఫోన్ బయటకు తీయకూడదు. రాత్రి గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. పిల్లల మంచం మీద కూర్చోవడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వద్దు. ఒకరికే బహుమతులివ్వడం, క్యాంపు అయ్యాక విడిగా మెసేజ్‌లు పంపడం అసలే వద్దు. ఈ నియమాలు పిల్లలకు కూడా మొదటి రోజే చెప్పాలి. ఎవరైనా మీరినప్పుడు అది మీరడమేనని పిల్లవాడికి తెలియాలి కదా.

నమోదు ఫారంలో పేరు, తరగతి రాయించి ఊరుకోకండి. అలర్జీలు, ఆస్తమా, మూర్ఛ, వాడుతున్న మందులు, ఈత వచ్చా, నిద్రలో నడుస్తాడా, పక్క తడుపుతాడా, ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరెవరికి అనుమతి ఉంది, ఫోటో తీయవచ్చా, ఇవన్నీ అడగాలి. ఇది క్రైస్తవ క్యాంపని, బైబిలు బోధిస్తామని ఫారం మీదే స్పష్టంగా ఉండాలి, దాని కింద తల్లిదండ్రుల సంతకం ఉండాలి. ఆటల క్యాంపని పిలిచి లోపల వాక్యం చెప్పడం మోసం. సువార్తకు మోసంతో పని లేదు.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు చాలావరకు కాగితం లేకపోవడం వల్లే. ప్రతి మందూ దాని సొంత ప్యాకెట్లోనే, పిల్లవాడి పేరుతో తీసుకోవాలి. విడి మాత్రలు కవర్లో పెట్టి ఇస్తే తిప్పి పంపండి. పెట్టెకు తాళం, పక్కన ఒక నోటుబుక్కు: తేదీ, సమయం, మందు, మోతాదు, ఇచ్చినవారి సంతకం, చూసినవారి సంతకం. అయితే ఆస్తమా ఇన్‌హేలర్, తీవ్ర అలర్జీకి వాడే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ మాత్రం తాళం వేసిన పెట్టెలో పెట్టకూడదు. ఆ పిల్లవాడితో ఉండే కౌన్సిలర్ నడుముకు కట్టుకునే సంచిలో అవి ఎప్పుడూ ఉండాలి. మైదానం నుంచి ఆఫీసు గదికి పరుగెత్తి తాళం వెతికే సమయం ఉండదు.

క్యాంపుల్ని మధ్యలో మూయించేది ఎక్కువగా వాంతులు, విరేచనాలే. వీటిని తెచ్చే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బు నీళ్లే దిక్కు. భోజనానికి ముందు కౌన్సిలర్ దగ్గరుండి ప్రతి పిల్లవాడి చేతా 20 సెకన్లు కడిగించాలి. ఎవరైనా వాంతి చేసుకుంటే చుట్టూ ఉన్న పిల్లల్ని దూరం జరిపి, గ్లవ్స్ వేసుకుని తుడిచి, 5 శాతం బ్లీచ్ ద్రావణాన్ని లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపి ఆ చోట పోసి కనీసం ఐదు నిమిషాలు ఉంచాలి. వాంతులైన వంటమనిషిని తగ్గాక కూడా 48 గంటలు వంటగదిలోకి రానివ్వకూడదు. ఇక్కడే చాలామంది జాలిపడి తప్పు చేస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నిల్వ ఉంచండి. అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర చదును టీస్పూన్ ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కొలిచే వేయాలి.

ఉరుము వినబడితే ఆట ఆపి అందరినీ గట్టి భవనంలోకి తీసుకెళ్లాలి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిస్తేనే బయటికి. శిక్షణ పొందిన లైఫ్‌గార్డు లేనిచోట నీళ్ల ఆటలు లేవు, అంతే. మోకాలి లోతే కదా అన్న మాట మీద బేరం లేదు. ఒక చోటి నుంచి మరో చోటికి కదిలిన ప్రతిసారీ పేరు పిలిచి హాజరు తీసుకోవాలి. తలలు లెక్కపెడితే పక్క గుంపు పిల్లవాడు ఒకడు కలిసినా లెక్క సరిపోతుంది, మనవాడు ఒకడు తప్పిపోయినా తెలియదు. ఎవరైనా కనబడకపోతే ముందు అతని మంచం, మరుగుదొడ్లు, వంటగది వెనక చూడాలి. అదే సమయంలో ఒకరు గేటు దగ్గర నిలబడాలి. పదిహేను నిమిషాల్లో దొరక్కపోతే పోలీసులకు, తల్లిదండ్రులకు ఫోన్. చుట్టుపక్కల నీళ్లుంటే అంతసేపు కూడా ఆగకూడదు.

నిద్ర గురించి కాస్త ఎక్కువే చెబుతాను, దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి. 6-12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13-18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. సాయంత్రం కూడిక పది దాకా లాగి, పొద్దున ఐదున్నరకు ప్రార్థనకు లేపితే మూడో రోజుకు పిల్లలు కొట్టుకుంటారు, ఏడుస్తారు, జ్వరపడతారు. నాలుగో రోజు రాత్రి అలా అలసిన పిల్లలు ఏడిస్తే దాన్ని ఆత్మ కదిలింపు అనుకునేవాళ్లున్నారు. అది నిద్రలేమి. చిన్నవాళ్లకు తొమ్మిదికి దీపాలు ఆర్పి, ఆరున్నరకు లేపండి. భోజనం తర్వాత గంట విశ్రాంతి పెద్దవాళ్లకూ తప్పనిసరి. కౌన్సిలర్‌కు రోజులో గంటన్నర పూర్తిగా సొంత సమయం ఇవ్వండి, ఆ గంటన్నర అతని గుంపును ఎవరు చూస్తారో ముందే రాసిపెట్టండి. లేకపోతే అది కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇంటి మీద బెంగ ఎక్కువగా పైకొచ్చేది ఆ విశ్రాంతి గంటలోనూ, రాత్రి పడుకోబోయేముందూ. తల్లిదండ్రులు చేసే పెద్ద పొరపాటు, నచ్చకపోతే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకొస్తాను అని ముందే మాటివ్వడం. ఇలా మాటివ్వవద్దనే పిడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో 2007లో వచ్చిన వ్యాసం కూడా చెప్పింది. ఆ మాట విన్న పిల్లవాడు మొదటి కష్టానికే ఫోన్ అడుగుతాడు. నమోదు రోజే తల్లిదండ్రులతో ఈ సంగతి మాట్లాడండి. బెంగపడ్డ పిల్లవాడితో ఏడవకు అనకండి. బెంగ రావడం మామూలేనని చెప్పి, ఇంటికి ఒక ఉత్తరం రాయించి, వెంటనే చేతికి ఒక పని ఇవ్వండి, పాటల పుస్తకాలు పంచడం లాంటిది. తినడం, నిద్రపోవడం రెండూ ఆగిపోతే మాత్రం ఇంటివాళ్లకు చెప్పాల్సిందే.

పక్క తడిపే పిల్లవాడి విషయంలో కౌన్సిలర్ నేర్పు తెలుస్తుంది. ఫారంలో ఉంటే అతనికి కింది మంచం, దుప్పటి కింద ప్లాస్టిక్ షీటు, కౌన్సిలర్ దగ్గర రెండు అదనపు దుప్పట్లు. పొద్దున అందరికంటే పావుగంట ముందు కౌన్సిలర్ లేవాలి. గది మొత్తాన్ని ఒకేసారి పళ్లు తోముకోవడానికి పంపి, రెండో కౌన్సిలర్ వాళ్లతో వెళ్లగా, ఇతను తలుపు బార్లా తీసి ఉంచి పక్క మార్చేయాలి. తడి బట్టలు అందరి మాసిన బట్టల సంచి లాంటి సంచిలోనే వెళ్లాలి. దాని గురించి ఒక్క మాట ఉండకూడదు, ఓదార్పు మాట కూడా. పిల్లవాడు తిరిగొచ్చేసరికి మంచం మామూలుగా ఉంటే చాలు.

ఇక వాక్యం. 8-11 ఏళ్లవారికి కథ పదిహేను నిమిషాలు, పెద్దపిల్లలకు ఇరవై. బైబిలు తెరిచి చేతిలో పట్టుకునే చెప్పాలి, ఇది కట్టుకథ కాదని వాళ్లకు అలా తెలుస్తుంది. రోజుకు ఒక్క సత్యం: సృష్టించిన దేవుడు, పాపం, యేసు జీవితం, సిలువా పునరుత్థానమూ, విశ్వసించినవారి నడక. ఒక్క రోజులో అన్నీ కుక్కితే ఏదీ మిగలదు. చిన్నపిల్లలు మాటను మాటలాగే తీసుకుంటారు. యేసును హృదయంలోకి చేర్చుకో అంటే, అంత పెద్ద మనిషి లోపల ఎలా పడతాడని ఆలోచిస్తారు. నమ్మడం, క్షమించమని అడగడం, ఆయన మాట వినడం లాంటి సూటి మాటలు వాడండి. అక్షరాలు లేకుండా రంగుల పుటలతోనే సువార్త చెప్పే పుస్తకం వాడేవారికి ఒక మాట. 1866లో ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ దాని గురించి ప్రసంగించినప్పుడు దానిలో ఉన్నవి నలుపు, ఎరుపు, తెలుపు మాత్రమే, బంగారు, ఆకుపచ్చ పుటలు తర్వాత చేరాయి. నల్ల పుటను పాపమని చెప్పేటప్పుడు, నల్లటి ఒంటి రంగున్న పిల్లవాడు దాన్ని తనమీదికి తీసుకోకుండా చీకటి అనే చెప్పండి, రంగు పేరెత్తకండి.

కంఠత వాక్యం పది పదిహేను మాటలకు మించనివ్వకండి. బోర్డు మీద రాసి, అందరూ చదివిన ప్రతిసారీ ఒక మాట చెరిపేస్తూ పోతే పది నిమిషాల్లో వస్తుంది. కంఠతకు పాయింట్లు మాత్రం పెట్టకండి. చదవడం సరిగా రాని పిల్లవాడు తన జట్టుకు తానే భారమనుకుని వాక్యం పేరెత్తితే ముడుచుకుపోతాడు. ఓడినవాణ్ణి బయట కూర్చోబెట్టే ఆటలూ అంతే. ఎక్కువ ఆడాల్సినవాడే మొదట కూర్చుంటాడు.

యేసును నమ్మమని పిల్లలకు పిలుపు ఇచ్చే ఘడియలోనే ఈ పరిచర్య ఎక్కువగా దారి తప్పుతుంది. అందరూ కళ్లు మూసుకోండి, చేతులెత్తండి అంటే పిల్లలు ఎత్తుతారు. పక్కవాడు ఎత్తాడని ఎత్తుతారు, అన్నయ్యను సంతోషపెట్టాలని ఎత్తుతారు. నిప్పుల నరకం గురించి రాత్రి చెప్పి భయంతో ఎత్తించడం ఇంకా తప్పు. దానికి బదులు, దీని గురించి మాట్లాడాలనుకుంటే రేపు ఆటల సమయంలో ఫలానా బెంచీ దగ్గర ఉంటానని చెప్పండి. ఆటను వదులుకుని వచ్చాడంటే అతనికి నిజంగా అడగాల్సింది ఉంది. వచ్చాక మీరు మాట్లాడకుండా, ఏం అడగాలనుకున్నావు అని ఆగండి. జవాబు అతని మాటల్లో రావాలి. రిపోర్టులో ఎంతమంది నిర్ణయం తీసుకున్నారన్న గడి ఉంటే కొట్టేయండి, ఆ గడే కౌన్సిలర్ల చేత పిల్లల్ని ఒత్తిడి చేయిస్తుంది. బాప్తిస్మం తల్లిదండ్రులు, సంఘం చూసుకోవాల్సిన విషయం, క్యాంపులో వద్దు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం పిల్లల మతస్వేచ్ఛనూ, వారికి దారి చూపే తల్లిదండ్రుల హక్కునూ కలిపే చెబుతుంది.

నమ్మకం కుదిరిన పిల్లలు ఇంట్లోనో బడిలోనో తమకు జరుగుతున్న హాని గురించి చెబుతారు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. నీకు సాయం చేయగలిగినవాళ్లకు చెప్పాల్సి ఉంటుందని ముందే అనండి. ప్రశ్నలతో తవ్వకండి, మీ ఊహను అతని నోట్లో పెట్టకండి. చెప్పడం మంచిపని, ఇందులో నీ తప్పు లేదు అని చెప్పండి. గంటలోపే అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు, తేదీ సమయంతో రాసి, క్యాంపు భద్రతాధికారికి ఇవ్వండి, చట్టప్రకారం ఎవరికి చెప్పాలో వారికి చెప్పండి. ఆరోపణ ఉన్న వ్యక్తిని మీరు పిలిచి అడగకూడదు, అతను సంఘపెద్ద అయినా. పిల్లవాడితో ముందుగా క్షమించు అనడం క్రూరత్వం. చిన్నవారికి అభ్యంతరం కలిగించేవాణ్ణి హెచ్చరించే మత్తయి 18:6 కౌన్సిలర్ల శిక్షణలో మొదటి రోజే చదివించండి.

క్యాంపు ముగిశాక 48 గంటల్లో ప్రతి ఇంటికీ ఫోన్. రెండు వారాల్లో తల్లిదండ్రుల పేర కౌన్సిలర్ చేతిరాతతో ఉత్తరం. తర్వాత దగ్గరి సండే స్కూల్‌తో పిల్లవాణ్ణి కలపడం, మూడు నెలలకు ఒక పూట కూడిక. దీనికి బడ్జెట్టు, మనిషి క్యాంపుకు ముందే ఖాయం కావాలి. క్యాంపు అయ్యాక చూద్దామనుకుంటే అలసటలో అది జరగదు.

మీ సొంత జీవితం గురించి కూడా ఆలోచించుకోండి. మీ పిల్లలకు సెలవులున్న నెలల్లోనే మీరు ఇంట్లో ఉండరు. మిగతా ఏడాదిలో వాళ్లకు ఏ నెల పూర్తిగా ఇస్తారో ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోండి. జీతం కానుకల మీద ఆధారపడితే కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. క్యాంపు డబ్బు, ఇంటి డబ్బు వేర్వేరు ఖాతాలు, క్యాంపు ఖాతాకు ఇద్దరి సంతకాలు. ఫీజు కట్టలేని పిల్లవాడి సంగతి ఖాతా రాసేవారికి తప్ప కౌన్సిలర్‌కు కూడా తెలియకూడదు.

వెంటనే రాజీనామా చేయకండి. సెలవు పెట్టి ముందు కౌన్సిలర్‌గా, తర్వాతి ఏడాది స్టోరు, మందుల గది చూసే పనిలో, ఆ తర్వాత శిక్షణ టీములో పనిచేయండి. ఏ సంస్థలోనైనా పూర్తికాలం చేరేముందు మూడు కాగితాలు అడగండి: రాతపూర్వకమైన పిల్లల భద్రతా నియమాలు, కిందటి ఏడాది ఆడిట్ లెక్కలు, కిందటి క్యాంపు పిల్లల ఫాలో అప్ రిజిస్టరు. మూడోది చూపించడానికి తడబడితే, ఇంకో ఏడాది ఆగి మరో చోట చూడండి.